లాటరీలో వచ్చిన మామూలు జనంతో పౌరసభ: విజయవాడలో పెట్టాలంటే ఏం చూసుకోవాలి?

గవర్నర్‌పేట_చదువరి అడిగారు:

అందరికీ నమస్కారం. మా చర్చావేదిక తరఫున విజయవాడలో ఒక పౌరసభ పెట్టాలని ఉంది. ఐర్లాండ్‌లో, ఫ్రాన్స్‌లో చేసిన తరహాలో మామూలు జనాన్ని కూర్చోబెట్టి, అన్ని పక్షాల నిపుణుల మాటా వినిపించి, వాళ్ళలో వాళ్ళు చర్చించుకుని ఒక నివేదిక ఇచ్చేలా అన్నమాట. అంశం "2047 నాటికి మన దేశం ఎలా ఉండాలి?" అనుకున్నాం. 50 మంది, వరసగా మూడు ఆదివారాలు, పొద్దున 9 నుంచి ఒంటిగంట దాకా, చివర భోజనం. హాలు మాట్లాడాం. వాట్సాప్ గ్రూపుల్లో, కరపత్రాల్లో పిలుపిస్తే 70 పేర్లొచ్చాయి. వాటిలోంచి 50 చీటీలు తీద్దామని.

ఈ ఎంపిక సరిపోతుందా? చర్చ ఎవరు, ఎలా నడపాలి? నివేదిక చివరికి ఎవరి చేతికివ్వాలి? పార్టీల గొడవ వద్దు, పని ఎలా చేయాలో చెబితే చాలు.

లెక్కల_మాస్టారు (సత్యనారాయణపురం):

ఎంపిక సరిపోదండీ. కరపత్రం చూసి తనంతట తాను పేరిచ్చేవాడు ఎలాగూ సభలకొచ్చే మనిషే. ఆ 70 మందిలో రిటైరైనవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు, ఏదో ఒక పార్టీతోనో సంఘంతోనో తిరిగేవాళ్ళు ఎంతమందో ఓసారి లెక్కపెట్టండి. ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసే మనిషి, రెండిళ్ళలో పాచిపని చేసే ఆవిడ అందులో ఉండరు. ఉన్నవాళ్ళలోంచి ఎన్నిసార్లు చీటీలు తీసినా లేనివాళ్ళు రారు కదా. లాటరీ మొత్తం ఊరి మీద వేయాలి.

ఊళ్ళో మూడు అసెంబ్లీ నియోజకవర్గాలు: పశ్చిమ, సెంట్రల్, తూర్పు. పోలింగ్ బూత్‌లన్నీ వరసగా రాసి, ఒక్కో దాని ఎదుట ఓటర్ల సంఖ్య వేసి, కిందికి కూడుకుంటూ వెళ్ళండి. మొత్తాన్ని 25తో భాగిస్తే అంతరం వస్తుంది. ఆ అంతరంలోపు ఒక అంకె లాటరీ తీసి, అక్కణ్ణుంచి అంతే దూరానికొకటి చొప్పున 25 బూత్‌లు పట్టుకోండి. బూత్‌కి 40 ఇళ్ళు, అంటే వెయ్యి ఇళ్ళు. పెద్ద బూత్ ఎంపికయ్యే అవకాశం ఎక్కువ, అందులో ఒక ఇంటికి వంతు వచ్చే అవకాశం తక్కువ. రెండూ సరిపోయి అన్ని ఇళ్ళకీ ఇంచుమించు సమానమైన అవకాశం ఉంటుంది. పదిలో ఒకరు ఒప్పుకుంటారనుకుంటే 100 మంది చేతిలో ఉంటారు. తక్కువ వస్తే ఇంకో ఐదు బూత్‌లు కలపండి. బ్రిటన్ పార్లమెంటు కమిటీలు 2020లో పెట్టిన వాతావరణ సభకు 110 మంది కోసం 30,000 ఇళ్ళకు ఉత్తరాలు పంపాల్సి వచ్చింది. మన దగ్గర ఉత్తరం పనిచేయదు, గుమ్మం దాకా వెళ్ళాలి.

ఓటరు జాబితాని బూత్ హద్దుల వరకే వాడండి, పేర్ల కోసం వద్దు. ఓటు సొంతూళ్ళో, కాపురం పటమటలో ఉన్నవాళ్ళు ఎంతమంది! పోయినవాళ్ళ పేర్లూ ఉంటాయి, ఇల్లు మారినవాళ్ళవీ ఉంటాయి. అందుకని వీధి ఈ మూల నుంచి ఆ మూల దాకా ఇళ్ళు రాసుకుని లెక్క ప్రకారం ఎంచండి. రాసేటప్పుడు జారిపోయేవి ఎప్పుడూ అవే: అపార్టుమెంటు సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం, డాబా మీద రేకుల గది, వన్‌టౌన్ కొండ మీద మెట్లెక్కితే గానీ కనబడని ఇళ్ళు. అదీ ఒక ఇల్లే, దానికీ ఒక నంబరు పడాలి.

ఇంట్లో ఎవర్ని పిలవాలన్నది ఇంకో మెలిక. విదేశీ పద్ధతుల్లో "ఎవరి పుట్టినరోజు ఈమధ్య జరిగింది" అని అడుగుతారు. మన పెద్దవాళ్ళలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది, అసలు తేదీ వాళ్ళకే తెలియదు. కాబట్టి 18 నిండినవాళ్ళ పేర్లు చీటీల మీద రాసి గుమ్మంలోనే ఒకటి తీయించండి. కోడలి పేరొస్తే "దానికేం తెలుసండీ, మా అబ్బాయి వస్తాడు" అంటారు. ఒప్పుకోకూడదు. ఆవిడ రానంటే ఆ ఇల్లు వదిలేయాలి గానీ బదులు మనిషిని తీసుకోకూడదు. ఐర్లాండ్‌లోనే 2018లో కొత్తగా చేర్చిన ఏడుగురు సభ్యులు లాటరీలో వచ్చినవాళ్ళు కాదని, ఎంపిక చేసే మనిషి తెలిసినవాళ్ళ ద్వారా ఫోన్లు చేసి పట్టినవాళ్ళని బయటపడింది. ఏడుగురినీ తీసేశారు.

ఇంటింటికీ ఇద్దరేసి వెళ్ళండి, ఒకరు స్త్రీ అయి ఉండాలి. తాళం వేసిన ఇంటికి వేరే వేళల్లో ఇంకో రెండుసార్లు వెళ్ళాలి. పది జట్లు సాయంత్రానికి 25 ఇళ్ళు చొప్పున చూస్తే మొదటి చుట్టు నాలుగు సాయంత్రాల్లో అవుతుంది. సచివాలయం సిబ్బంది సాయం మాత్రం తీసుకోవద్దు. వాళ్ళు పక్కనుంటే జనం దీన్ని పథకం సర్వే అనుకుంటారు. "పింఛను పోతుందేమో"నని తలూపేవాళ్ళు ఊపుతారు, తలుపేసేవాళ్ళు వేస్తారు.

ఆ 100 మందిలోంచి 48 మందిని (బల్లకి ఆరుగురేసి కూర్చోవడానికి 50 కన్నా 48 అనువు) ఎంచేటప్పుడు కోటాలు. ఆడ–మగ, నాలుగు వయసు వర్గాలు, మూడు చదువు స్థాయిలు, మూడు నియోజకవర్గాలు. వీటిని గడులుగా విడగొడితే 2×4×3×3, అంటే 72. సామాజిక వర్గం ఐదు రకాలు కలిపితే 360. ఉన్నది 48 మంది! గడులు నింపబోతే జన్మలో నిండవు. దేనికది విడిగా లెక్క సరిపోతే చాలు: స్త్రీలు 24, 30 ఏళ్ళలోపువాళ్ళు ఇంతమంది, బడికి వెళ్ళనివాళ్ళు ఇంతమంది. సామాజిక వర్గం నోటితో అడగొద్దు, కార్డు ఇచ్చి వాళ్ళనే టిక్ పెట్టమనండి. పానెలాట్ అనే ఉచిత వెబ్ సాధనం ఈ కోటాలన్నీ కుదిరే వెయ్యి జట్లు తయారుచేసి 000 నుంచి 999 దాకా నంబర్లు వేస్తుంది. ఇక మీరు చేయాల్సిందల్లా మూడు కుండల్లో 0 నుంచి 9 దాకా చీటీలు వేసి అందరి ముందూ ఒక పిల్లాడి చేత మూడంకెలు తీయించడం. ఉత్తరమేరూరులో పరాంతక చోళుడి నాడు చేసింది ఇదేగా. 30 వాడలు, తాటాకు చీటీలు, ఓ కుండ, తీసేది చిన్నపిల్లాడు. పాత లెక్కలు అప్పజెప్పనివాడి పేరు కుండలో పడేదే కాదు. అయితే భూమి, సొంతిల్లు లేనివాళ్ళ పేర్లూ పడేవి కాదు, ఆ ముక్క చాలామంది చెప్పరు.

48 మందికి తోడు మరో ఆరుగురిని అదనంగా పెట్టుకోండి. మొదటి రోజు తర్వాత కొత్తవాళ్ళని చేర్చొద్దు.

అరండల్‌పేట_ప్లీడరు (గుంటూరు):

మాస్టారు చెప్పిన దానికి నేను కలపాల్సింది లేదు. నా అభ్యంతరం ప్రశ్న మీద. "దేశం ఎలా ఉండాలి" అని అడిగితే అవినీతి ఉండకూడదు, చదువు వైద్యం అందరికీ ఉచితంగా అందాలి, రైతు బాగుండాలి అని 48 మందీ ఏకగ్రీవంగా రాసిస్తారు. దానికి మూడు ఆదివారాలెందుకు, మూడు నిమిషాలు చాలు. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాల్సిన ప్రశ్న ఇస్తేనే సభకి పని ఉంటుంది.

దేశ భవిష్యత్తే కావాలంటే లోక్‌సభ సీట్ల పంపకం తీసుకోండి. రాష్ట్రాల వాటాలు 1971 జనాభా లెక్కల మీద ఆగాయి. 1976లో 42వ సవరణ ఆపింది, 2001లో 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. 2008లో మారింది రాష్ట్రం లోపలి హద్దులే. ఇప్పుడు మనకు 25, తెలంగాణకు 17, ఉత్తరప్రదేశ్‌కు 80. పాత వాటాలే ఉంచాలా, జనాభా ప్రకారం కొత్తగా పంచాలా, మొత్తం సీట్లు పెంచి ఎవరికీ సంఖ్య తగ్గకుండా చూడాలా, లేక లోక్‌సభను జనాభాకి వదిలేసి రాజ్యసభలో రాష్ట్రాలకు సమాన బలం ఇవ్వాలా? ఇందులో ప్రతి దారికీ ఒక నష్టం ఉంది. మూడో దారి వినడానికి బాగుంటుంది, కానీ సంఖ్య తగ్గకపోయినా వాటా తగ్గొచ్చు. 543లో 25 అంటే 4.6 శాతం. మాటవరసకి సభ 750 అయి మనకు 30 వచ్చాయనుకోండి, అది 4 శాతమే. ఈ లెక్క సభ్యుల చేత వాళ్ళ చేతులతోనే వేయించాలి.

ఒక్క జాగ్రత్త. బెజవాడ జనాన్నే కూర్చోబెట్టి దీని గురించి అడిగితే మనకు అన్యాయం జరుగుతోందనే తీర్మానం వస్తుంది. బీహార్ ఓటరు ఓటుకు విలువ ఎందుకు తగ్గాలి అన్న వాదన గట్టిగా చెప్పగలిగిన మనిషిని, ఆ మాట నమ్మే మనిషిని, పిలవాలి. మన ప్రొఫెసరు గారెవరో "అవతలివాళ్ళు ఇలా అంటారు" అని అప్పజెబితే కుదరదు.

నివేదిక ఎవరికన్నది సభ అయ్యాక ఆలోచించే సంగతి కాదు, ముందే తేల్చుకోవాలి. ఐర్లాండ్‌లో 2012లో మొదలైన రాజ్యాంగ సదస్సులో 66 మంది పౌరులు, 33 మంది రాజకీయ నాయకులు, ఒక అధ్యక్షుడు. 2016 నాటి సభలో నాయకులు లేరు, 99 మంది పౌరులు, అధ్యక్ష స్థానంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి మేరీ లఫోయ్. రెండింటినీ పిలిచింది పార్లమెంటే, అక్కడ జవాబు చెప్పే బాధ్యత ప్రభుత్వానిది. పైగా అక్కడ రాజ్యాంగ సవరణకు రెఫరెండం, అంటే జనం నేరుగా వేసే ఓటు, తప్పనిసరి. స్వలింగ వివాహం 2015 మే 22న 62 శాతంతో, గర్భస్రావం 2018 మే 25న 66.4 శాతంతో నెగ్గాయి. మన 368వ అధికరణంలో రెఫరెండం ఊసే లేదు. పౌరసభకు మన చట్టంలో చోటూ లేదు. గ్రామసభకు 243ఎ ఉంది, మూడు లక్షలు దాటిన మునిసిపాలిటీల్లో వార్డు కమిటీలకు 243ఎస్ ఉంది, అంతే.

కాబట్టి మీకు మిగిలింది మాట తీసుకోవడం. సభ మొదలవక ముందే ఇద్దరు ముగ్గురు పార్లమెంటు సభ్యుల దగ్గరకు, వేర్వేరు పార్టీలవాళ్ళ దగ్గరకు, వెళ్ళి ఒక్కటే అడగండి: "నివేదిక అందిన 60 రోజుల్లో ఒక్కో సిఫార్సుకూ ఒప్పుకుంటామో లేదో, ఎందుకో రాతపూర్వకంగా చెబుతారా?" ఒప్పుకోమని అడగొద్దు, జవాబివ్వమనే అడగండి. సభ్యుడి ప్రతిసంతకంతో పార్లమెంటుకు పిటిషన్ వేసే దారీ ఉంది, పిటిషన్ల కమిటీ ఉన్నది అందుకే. ముసాయిదా బిల్లుల మీద 30 రోజులు జనాభిప్రాయం తీసుకోవాలని 2014లో కేంద్రం ఒక విధానం పెట్టింది, దానికీ పంపొచ్చు. కానీ 30 రోజుల్లో ఇంత సభ జరగదు, నివేదిక ముందే సిద్ధంగా ఉండాలి. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో మాత్రం పెట్టుకోకండి, హాలువాళ్ళే వెనక్కి తగ్గుతారు.

కృష్ణలంక_వాణి:

చదువరి గారూ, మూడు పూటలు అంటే 12 గంటలు. ఐర్లాండ్ సభ ఒక్క గర్భస్రావం అంశానికే ఐదు వారాంతాలు తీసుకుంది. కనీసం నాలుగు ఆదివారాలు, పూర్తి రోజులు, రెండేసి వారాల ఎడంతో పెట్టండి. ఎడం ఎందుకంటే ఇంటికెళ్ళి పక్కింటివాళ్ళతో వాదించుకుని వచ్చిన మనిషి రెండోసారి వేరే ప్రశ్నలు అడుగుతాడు. మొదటి రోజు విషయం, నిపుణుల్ని ఎలా ప్రశ్నించాలో నేర్చుకోవడం. రెండో రోజు నిపుణులు. మూడో రోజు ఏ దారిలో ఎవరికి ఏం పోతుందో తూకం వేయడం. నాలుగో రోజు రాత, ఓటు. నాలుగో రోజు ఎప్పుడూ చాలదు, వేరే ఏదీ దానిలోకి తోయకండి.

48 మందికి 8 బల్లలు, బల్లకి ఆరుగురు, నడిపేవాళ్ళొకరు, రాసేవాళ్ళొకరు. పూటపూటకీ జనాన్ని మార్చండి. నడిపేవాళ్ళుగా లెక్చరర్లని పెట్టకండి, పాఠం చెప్పకుండా ఉండలేరు. స్వయం సహాయక సంఘాల సమావేశాలు నడిపిన ఆడవాళ్ళు ఈ పనికి బాగా సరిపోతారు, రెండు రోజుల శిక్షణ చాలు.

మన దగ్గర బల్ల ఎక్కడ చెడుతుందో చెబుతాను. ఛాతీ మీద పెట్టే కార్డులో ఇంటిపేరు రాయకండి. ఇంటిపేరు చూసి ఏ ఊరు, ఎవరి తాలూకు అని మొదటి ఐదు నిమిషాల్లో తేల్చేసుకుంటారు, తర్వాత ఎవరెంత మాట్లాడాలో దాన్నిబట్టే తేలిపోతుంది. ఒట్టి పేరు, పెద్ద అక్షరాల్లో. పరిచయాల్లో "ఏం చేస్తుంటారు" వద్దు, "ఊళ్ళో మీకు నచ్చిన చోటు ఏది" అని అడిగించండి. పిలుపు అందరికీ ఒకటే: పేరు, చివర గారు. నడిపే కుర్రాడు డాక్టరుని "మీరేమంటారండీ" అని, ఆటో అతన్ని "నువ్వు చెప్పు బాబాయ్" అన్నాడంటే ఆ బల్ల అయిపోయినట్టే. బాబాయ్ అన్నది ప్రేమతోనే కావచ్చు, కానీ పక్కన మీరు ఉంది కదా.

ప్రతి ప్రశ్నకీ ముందు అందరూ వరసగా ఒక చుట్టు మాట్లాడాలి, మనిషికి రెండు నిమిషాలు, మధ్యలో ఎవరూ అడ్డురాకూడదు. ఎవరు మొదలెట్టాలో పాచిక వేయించండి, లేకపోతే పెద్దాయన మొదలెడతారు, మిగతావాళ్ళు "వారు చెప్పిందేనండీ" అంటారు. రాయలేనివాళ్ళ మాట రాసేవాళ్ళు వాళ్ళ నోటి మాటగానే రాసి, చదివి వినిపించాలి.

నిపుణుడికి 15 నిమిషాలు. ఆ తర్వాత వెంటనే ప్రశ్నలు తీసుకోవద్దు. 10 నిమిషాలు బల్లల దగ్గర ప్రశ్నలు తయారుచేసుకోనివ్వండి, ఆపైన 25 నిమిషాలు జవాబులు. నేరుగా మైకు తిప్పితే ఆ నలుగురే అడుగుతారు. ప్రతివారి చేతిలో ఒక ఎర్ర కార్డు ఉండాలి, అర్థం కాకపోతే ఎత్తడానికి. మొదటి కార్డు లేచాక చూడండి, నిపుణుడి తెలుగు ఎలా దారికొస్తుందో!

డబ్బు సంగతి మొహమాటపడొద్దు. ఆ రోజు కూలికి తగ్గకుండా, అందరికీ ఒకటే మొత్తం, సాయంత్రం కవర్లో. ఫ్రాన్స్ వాతావరణ సభలో కోర్టు జ్యూరీ సభ్యులకిచ్చే లెక్కన రోజుకు 86 యూరోలిచ్చారు. ఐర్లాండ్ 2016 సభలో దారి ఖర్చులే ఇచ్చారు, మధ్యలో మానేసినవాళ్ళతో చాలా అవస్థపడ్డారు. పిల్లల్ని చూసుకోవడానికి పక్క గదిలో ఇద్దరు ఆయాలు ఉంటే తల్లులు సాయంత్రం దాకా ఉంటారు.

తేదీలకి ఆషాఢం మంచిది. పెళ్ళిళ్ళుండవు, ఆదివారాలు ఖాళీ. మాఘం, వైశాఖం, శ్రావణం పనికిరావు, దసరాకి ఊళ్ళో అడుగు పెట్టే చోటుండదు. ఇదే గుంటూరులో పెడితే మాత్రం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తలపెట్టొద్దు, మిర్చి యార్డు హమాలీలు ఒక్కరూ రారు.

కొత్తపేట_గుంటూరు:

ఇంత శ్రమా పడి చివరికి చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనా అని నా అనుమానం. ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ 150 మంది సభ్యులకి "మీ ప్రతిపాదనల్ని వడపోయకుండా ముందుకు పంపుతా" అన్నాడు. 2020 జూన్‌లో వాళ్ళు 149 ఇచ్చారు. మూడు పక్కన పెడుతున్నానని అప్పుడే చెప్పాడు, మిగిలినవి చట్టంలోకి వచ్చేసరికి చాలావరకు పలచబడ్డాయి. 2021 ఫిబ్రవరిలో ఆ సభ్యులే ప్రభుత్వానికి పదికి 3.3 మార్కులేశారు. ఐస్‌లాండ్‌లో 2010లో 950 మంది జాతీయ సభ, ఆపైన 25 మందితో రాజ్యాంగ ముసాయిదా, 2012 ఓటింగ్‌లో మూడింట రెండు వంతుల మద్దతు. పార్లమెంటు దాటలేదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా సభ చెప్పిన ఎన్నికల పద్ధతికి 2005లో 57.7 శాతం వచ్చాయి, గీత 60 దగ్గర గీశారు.

మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2001 జూన్‌లో, మెదక్ జిల్లాలో, "ప్రజాతీర్పు" అనే పౌర జ్యూరీ జరిగింది. అప్పటి రాష్ట్ర ప్రభుత్వ ప్రణాళిక విజన్ 2020 చెప్పిన వ్యవసాయ భవిష్యత్తు మీద. జ్యూరీలో ఎక్కువమంది దళిత, ఆదివాసీ సన్నకారు రైతులు, అందులోనూ స్త్రీలే ఎక్కువ. మూడు భవిష్యత్తుల్ని వీడియోలుగా చూపించారు: విజన్ 2020 దారి, ఎగుమతుల కోసం సేంద్రియ సాగు, స్థానిక స్వావలంబన. పరిశీలక మండలికి సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షుడు. వ్యవసాయం మీద బతికేవాళ్ళని 70 శాతం నుంచి 40కి దించడం, జన్యుమార్పిడి పంటలు, కాంట్రాక్టు సేద్యం వద్దన్నారు. విజన్‌కి డబ్బిస్తున్న బ్రిటన్ సహాయ శాఖ దాకా గొడవ వెళ్ళింది. అప్పుడు విమర్శకులు పట్టుకున్నది తీర్పుని కాదు, జ్యూరీని ఎలా ఎంచారన్నదాన్ని. పేదల గొంతు వినబడాలని కావాలనే అలా ఎంచారు, అందులో నాకు తప్పు కనబడదు. కానీ ఎదుటివాడికి పట్టు దొరికింది అక్కడే. అందుకే మాస్టారు చెప్పిన కుండలు, పిల్లాడు, అందరి ముందూ తీయడం అనవసరపు ఆర్భాటం కాదంటాను.

ఓటు సంగతి ఎవరూ ఎత్తలేదు. చేతులెత్తించొద్దు, రహస్య ఓటే. ఒకే కాగితం మీద నాలుగు దారులిచ్చి ఒకటి ఎంచుకోమంటే 14, 13, 11, 10 వచ్చి 14 నెగ్గిందంటారు, 34 మంది వద్దన్నదే తీర్మానమవుతుంది. ఐర్లాండ్‌లో గర్భస్రావం మీద మెట్లుమెట్లుగా అడిగారు: ఉన్న అధికరణం యథాతథంగా ఉంచాలా? 87 శాతం వద్దన్నారు. అయితే మార్చాలా, పూర్తిగా తీసేయాలా? మారిస్తే ఏయే సందర్భాల్లో అనుమతించాలి? కారణం అడగకుండానే అనుమతించాలి అన్నదానికి 64 శాతం వచ్చింది అలా మెట్లు దిగాకే. మీ సిఫార్సుకి 48లో 36 ఓట్లు కావాలని మొదటి రోజే రాసుకోండి. 36 రానివి పారేయకుండా, ఎన్ని ఓట్లొచ్చాయో, వద్దన్నవాళ్ళ కారణాలేమిటో నివేదికలో పెట్టండి.

గవర్నర్‌పేట_చదువరి:

అందరికీ ధన్యవాదాలు. అంశం మారుస్తాం, ఆదివారాలు నాలుగు చేస్తాం. మాస్టారూ, పేరిచ్చిన 70 మంది నొచ్చుకుంటారు, వాళ్ళనేం చేయను? ఇంకోటి, మొత్తం వీడియో తీసి యూట్యూబ్‌లో పెడదామంటున్నారు మావాళ్ళు.

లెక్కల_మాస్టారు:

వెయ్యి ఇళ్ళు తిరగడానికి మీకు 20 మంది కావాలి, బల్లల దగ్గర 16 మంది కావాలి, ఆయాలు, వంట, రిజిస్ట్రేషన్ వేరే. ఆ 70 మందికీ పనుంది. ఒక్క నిబంధన: పార్టీ పదవిలో ఉన్నవాళ్ళు బల్లల దగ్గర వద్దు. ఇళ్ళు తిరిగే జట్టులో ఎవరి వీధి వాళ్ళకివ్వొద్దు, తెలిసిన ఇంటికే తలుపు కొడతారు.

కృష్ణలంక_వాణి:

నిపుణులు మాట్లాడేది, ప్రశ్నలు జవాబులు, చివరి ఓట్ల లెక్క ప్రత్యక్షంగా చూపించండి, మంచిదే. బల్లల దగ్గర కెమెరా వద్దు. కెమెరా ఉంటే మొదటి గంటలో చెప్పిన మాటకే సాయంత్రం దాకా కట్టుబడి ఉంటారు, మనసు మారినా ఒప్పుకోరు. అనుమతి పత్రం సభ రోజు పొద్దున హడావిడిగా కాదు, గుమ్మంలో చీటీ తీసిన రోజే చదివి వినిపించి సంతకం తీసుకోండి. ఫోన్ నంబర్లతో వాట్సాప్ గ్రూపు కట్టొద్దు, నాలుగు రోజుల్లో పార్టీ వీడియోలు మొదలవుతాయి, కబుర్లన్నీ ఒక్కొక్కరికే ఫోన్ చేసి చెప్పండి. ముఖం చూపించొద్దన్నవాళ్ళని కెమెరాకి వీపు వచ్చేలా కూర్చోబెట్టండి గానీ, ఆ ఒక్క కారణంతో సభలోంచి తప్పించకండి.